బైండరు తేల్చిన సువార్తల వరస

"మత్తయి ఉండాల్సిన చోట మార్కు ఉందేమిటయ్యా?" అని పాస్టరుగారు టీ కొట్టు బల్ల మీదే బైబిలు విప్పి అడిగేసరికి పుస్తకాలు కుట్టే మా బైండరు టీ గ్లాసు పక్కన పెట్టాడు. అది చర్చి పెద్ద బైబిలు. ఈ ఒక్కటీ బాగా కుట్టి ఇస్తే పాటల పుస్తకాలన్నీ అతనికే ఇస్తామన్నారు. అతని బైండింగు కొట్లో మూడు నెలలుగా పని లేదు. అయినా తప్పు ఒప్పుకునే రకమా మావాడు?

"ముందు కూర్చోండి అయ్యగారూ. అది నేను కావాలనే పెట్టాను. నాలుగు సువార్తల్లో ముందు రాసింది మార్కే. నాకెలా తెలుసంటారా? పదేళ్ల కిందట ఒక ప్రొఫెసరు అట్ట కట్టమని నాలుగు పాత తోలు కాగితాలు తెచ్చాడు. పైన పేరు లేదు, కింద సంతకం లేదు. పేర్లన్నీ తర్వాతి వాళ్లు తగిలించారట, అసలు ఎవరు రాశారో తేలక ఆయన జుట్టు పీక్కుంటున్నాడు. నేను ఊరికే వాసన చూశానంతే. ఇది మార్కు రాతండీ, సిరా ఇంకా పచ్చిగానే ఉంది అన్నాను."

"రెండు వేల ఏళ్ల తర్వాత పచ్చిగానా?" అంది టీ కొట్టు అక్క.

"నా ముక్కుకి పచ్చే అక్కా! రుజువేదీ అన్నాడాయన. సరేనని ఆ తోలు చెవికి ఆనించుకున్నాను. ఏం వినిపించిందో తెలుసా? కలం గీరుతున్న చప్పుడు! ఎవరో పెద్దాయన చెబుతుంటే మార్కు రాసుకుంటున్నాడు. 'కాస్త నెమ్మదిగా చెప్పండి బాబాయ్, చెయ్యి లాగేస్తోంది' అంటున్నాడు."

"ఏ భాషలో అన్నాడు?" అన్నారు పాస్టరుగారు.

"గ్రీకులోనండీ. చెయ్యి నొప్పి ఏ భాషలో చెప్పినా బైండరుకి అర్థమవుతుంది. ఇంతలో మత్తయి వచ్చాడు. 'ఓసారి ఇవ్వు, చూసి ఇచ్చేస్తా' అని పట్టుకుపోయాడు. వెనకాలే లూకా. యోహాను మాత్రం ఎవరినీ అడగలేదు, ఆయన దారి ఆయనది. ఆ ప్రొఫెసరు ఊరుకోకుండా ఈ సంగతి అందరికీ చెప్పేశాడు. మర్నాడు ఏమైందో తెలుసా? నా కొట్టు ముందు నాలుగు వేల మంది పండితులు! లైను బస్టాండు దాటిపోయింది. విమానాలకి చోటు లేక మా మేడ మీద దింపారు. ఎవరు ముందు రాశారని పండితులు పడుతున్న రెండు వందల ఏళ్ల తగాదా, టీ చల్లారేలోగా తేల్చి పంపించాను. ఇకమీద ప్రపంచంలో ఏ బైబిలు కుట్టాలన్నా ముందు మీ సూదినే అడుగుతాం అని చేతులు పట్టుకున్నారండీ!"

పాస్టరుగారితో వచ్చిన వాళ్ల అమ్మగారు ఇంతసేపూ నిదానంగా పేజీలు తిప్పుతున్నారు. ప్రతి ఆదివారం చర్చిలో ఆ బైబిలు చదివేది ఆవిడే.

"బాబూ, మార్కే ముందు రాశాడు, ఒప్పుకున్నాను," అన్నారు కళ్లజోడు సర్దుకుంటూ. "మరి ఈ మధ్యలో పదహారు పేజీలు తలకిందులుగా ఉన్నాయే. ఇక్కడికొచ్చేసరికి పాపం కాళ్లు పైకి పెట్టి రాశాడా?"

టీ కొట్టు అక్క నవ్వలేక గరిటె కింద పెట్టేసింది. బైండరు వంగి చూశాడు. నిజమే, పదహారు పేజీల మడత, ఒక ఫారం మొత్తం తిరగేసి కుట్టేశాడు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి బ్లేడు తీసి, అక్కడే కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఆదివారానికి ఇచ్చేస్తానమ్మా," అన్నాడు తల ఎత్తకుండా. "ఆ పాటల పుస్తకాలు..."

"ముందిది సరిగ్గా కుట్టు, అవీ పంపిస్తాం," అన్నారు ఆవిడ. "కానీ ఈసారి చెవి పెట్టి వినకు నాయనా, కళ్లు పెట్టి చూడు."