గోడ మీద రెండు కొక్కేలు

మా దొరసాని హెస్టర్‌కి అప్పుడు యాభై ఆరేళ్లు, కాఫీ ఎప్పుడూ నిలబడే తాగేది. ఆ గోడ మీద ఖాళీ కొక్కేలు రెండెందుకని అడిగావుగా అమ్మాయ్, ఆవిడ తుపాకి ఉండేదక్కడ. వాళ్ల నాన్నది. ఆ మాటకొస్తే ఈ ఫారమూ వాళ్ల నాన్నదే. పెళ్లయ్యేసరికి ఇల్లూ, భూమీ, పెళ్లామూ అన్నీ మొగుడు బారెంట్ చేతికొచ్చేశాయి. ఆవిడకి మిగిలింది తుపాకి ఒక్కటే. ఉల్లిపాయలు తరుగు, నేను చెప్తున్నానని చెయ్యి ఆపకు. ఏమంటున్నా? ఆఁ, జర్మనీ నుంచి దొరలు వేటకొచ్చేవాళ్లు. మగ జంతువే కావాలి, కొమ్ములు ఇంత పొడుగుండాలి. జీపులో తీసుకెళ్లి, జంతువుని చూపించి, కర్రల మీద తుపాకి ఆనించి, "ఇప్పుడు నొక్కండి" అంటే నొక్కడం. దానికి వీరత్వమని పేరు. సాయంత్రం కాగానే "నేను కొట్టిందే నేను తినాలి" అని పట్టు. ఆ పూట కొట్టింది ఆ పూటే తింటే చెప్పు నమిలినట్టుంటుంది, చల్లగదిలో వారమన్నా వేలాడాలి. అందుకని దొరలు రావడానికి వారం ముందే హెస్టర్ తెల్లారుజామున వెళ్లి, ఒక ఆడ ఓరిక్స్‌ని, అదే ఆ బారు కొమ్ముల జింకని, కొట్టుకొచ్చేది. మెడలో ఒకే గుండు. పళ్లెంలోకి వచ్చేది అదే. "ఆహా, నా వేట రుచే వేరు" అని వాళ్లు మీసాలు నాక్కునేవాళ్లు, మేం వంటింట్లో నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వేవాళ్లం. అలాగని ఆవిడ దేవతనుకోకు. మా పనివాళ్లకి పేగులూ తలకాయే పంపేది, మెత్తటి నడుం మాంసం ఎన్నడూ పంపలేదు. అదీ చెప్పాలిగా.

ఆ ఏడు ఫోల్క్‌మార్ అని ఒకాయన వచ్చాడు, పళ్ల డాక్టరు. మొదటిరోజే మగ ఓరిక్స్‌ని కొట్టి, హెస్టర్ కొట్టినదాన్ని తింటూ తనని తాను పొగుడుకున్నాడు. తర్వాత కూడూ అని పెద్ద జింక, ఒక ముసలి మగదాన్ని కొట్టాడు. మెలికల కొమ్ములు బాగానే ఉన్నాయిగానీ, ఎదకాలం, మెడ ఉబ్బిపోయి ఆమడ దూరం కంపు. ఆ మధ్యాహ్నమే బీరు తాగుతూ ఈ గోడ వంక చూశాడు. "పాతకాలం తుపాకి, ముచ్చటగా ఉందే. నాకిచ్చెయ్యకూడదూ?" అన్నాడు. బారెంట్ ఇంత మొహం చేసుకుని, "పట్టుకెళ్లండి దొరా! వచ్చే ఏడు మీ స్నేహితుల్ని తీసుకొస్తే చాలు. ఆడదానికి తుపాకి ఎందుకు, గరిటె చాలదూ?" అనేశాడు. హెస్టర్ పక్కనే గ్లాసులు ఏరుతోంది. అవి పట్టుకుని వంటింట్లోకొచ్చి, "ఒట్టిలీ, ఓరిక్స్ పక్కన పెట్టు. ఇవాళ ఆయన కొట్టిందే ఆయనకి పెడదాం" అంది. "అమ్మా, అది కంపు కొడుతోందమ్మా!" అన్నా. "కొట్టనీ. ఆయనదేగా."

వండుతుంటే కుక్కలు కూడా ఇల్లొదిలి పోయాయి. ఫోల్క్‌మార్ నమిలాడు. ఇంకా నమిలాడు. టక్కుమంది. పళ్ల డాక్టరు పన్నే తల్లీ! "ఏమిటిది?" అని అరిచాడు. హెస్టర్ నిలబడే చెప్పింది: "మీ వేటండి. ఇన్నాళ్లూ తిన్నది నాది, ఆడ ఓరిక్స్. మీరు పట్టుకెళ్తానన్న ఆ తుపాకితోనే కొట్టాను." బారెంట్ మొహం కందగడ్డయింది. "హెస్టర్! అతిథి ముందరా?" "నువ్వూ తిను బారెంట్. తుపాకి పోతే వచ్చే ఏడు స్నేహితులకీ ఇదేగా పెట్టాలి." ఆ డాక్టరు పన్నుని రుమాల్లో చుట్టుకుని, తుపాకి వద్దులెండి అన్నాడు. నీళ్లు పుక్కిలించి, "ఆ ఓరిక్స్ ఇంకేమన్నా ఉందా?" అని అడిగాడు చూడు, సిగ్గులేని నాలుక! లేదంది ఆవిడ. ఎక్కణ్ణుంచొస్తుంది, ఈ పొయ్యి దగ్గర నిలబడి మేమిద్దరం తినేశాం. నడుం మాంసం. ఈ ఇంట్లో నేనది తినడం అదే మొదటిసారి. తర్వాతా? మంట తగ్గించు, ఉల్లిపాయ మాడుతోంది. చలికాలం వెళ్లగానే ఆవిడా వెళ్లిపోయింది. ఫారం ఊసెత్తలేదు, తుపాకి తీసుకుని పోయింది. ఊళ్లో మాంసం కొట్టు పెట్టింది. ఆవిడ చచ్చిపోయేదాకా బారెంట్ తన దొరలకి మాంసం అక్కడే కొన్నాడు.