కొన్ని సంచులు

సూర్యాపేట బస్టాండ్‌లో మంగ్త్యా చీపురు పట్టి ఊడుస్తున్నాడు. అతని భార్య సద్దిగిన్నె పెట్టుకుని కూర్చున్న బెంచీ దగ్గరికి, కోర్టు ఉచితంగా ఇచ్చిన లాయరమ్మ నవ్వుతూ వచ్చింది.

"కొత్త చట్టం మంచిగైంది. జైలు తప్పింది, ఊడ్సుడుతోనే శిక్ష ఖతం."

"ఆయన దొంగతనం చెయ్యలే మేడం."

"మిల్లుల గోనెసంచులు తీసినవా అని నేనే అడిగిన గదా. కొన్ని అన్నడు."

"కొన్ని గాదు. కోని అన్నడు."

"అంటే?"

"మా లంబాడీల, లేదు అని."

లాయరమ్మ నవ్వు ఆగిపోయింది. పెన్‌పహాడ్‌లో తమ పొలాల్లో నాట్లేసింది తండావాళ్లే. చిన్ననాటి నుంచీ ఆ మాట ఆమె చెవిన పడుతూనే ఉంది. అర్థమేంటని ఎన్నడూ అడగలేదు.

"మరి జడ్జి ముందట ఎందుకు ఒప్పుకున్నడు?"

"ఏమడిగినా తల ఊపుమని మీరే చెప్తిరి గద."

"పై కోర్టుకు పోదాం. తప్పు నాదని నేనే చెప్త."

"నాకేం ఎరుక? ఆయన్నే అడుగున్రి."

లాయరమ్మ తలొంచుకుని అతని దగ్గరికి నడిచింది.

"మంగ్త్యా, పై కోర్టుల మల్ల నీ తరఫున నన్ను నిలబడమంటవా?"

చీపురు ఆగలేదు.

"కోని."