గెలిచాక కుంటిన గుర్రం

దూరపు గుర్రప్పందెంలో అన్న అందరికన్నా ముందు వచ్చాడు. పశువుల డాక్టరైన చెల్లెలు చివరి పరీక్షగా గుర్రాన్ని అన్నచేత అటూ ఇటూ నడిపించి చూసింది. గుర్రం కుంటితే బహుమతి ఇవ్వరు.

"అంతా బాగుందిగా అన్నయ్యా? పాసని రాసేయనా?"

"రాసెయ్. ఇన్నేళ్లలో నా వెనకాల ఎవరైనా రావడం ఇదే మొదలు. వాళ్లు దారి తప్పారట, అది వేరే సంగతి."

"మరి ఆ మొహమేంటి?"

"గెలిచినవాడి మొహం ఎలా పెట్టాలో నాకేం తెలుసు? ఆగాగు, రాయకు."

"ఏమైంది?"

"ఇందాక నడిపిస్తూ వెనక్కి తిప్పినప్పుడు ఎడమ ముందుకాలు ఈడ్చింది. ముందు నేనే కుంటుతున్నాననుకున్నా, నా నడుం ఎలాగూ పోయిందిగా. కాదు, అదే."

"ఇంకెవరూ చూడలేదు."

"పాపం, దానికి నొప్పెడుతోందే! మీ వదిన కప్పు కోసం అలమరలో చోటు కూడా ఖాళీ చేసింది. పోన్లే, అక్కడ నా నడుంనొప్పి మందులు పెట్టుకుంటా."

"నేనూ చూశాను అన్నయ్యా. నువ్వే చెప్తావేమోనని ఆగాను."

"చెప్పకపోతే?"

"అప్పుడూ నీ గుర్రాన్ని పందెంలోంచి తీసేసేదాన్నే."

"ఓసి నీ! అయితే అనవసరంగా నిజాయితీపరుణ్ణయ్యానన్నమాట!"