గోడకు నెమ్ము

మెట్లెక్కే ఓపిక మోకాళ్ళకు లేదని ఇంటావిడ కింది వాటాలోకి దిగింది. అక్కడ అద్దెకుంటూ బట్టలు కుట్టుకునే అమ్మాయి, కుట్టుమిషనూ కూతురూ సమేతంగా పై వాటాలోకి ఎక్కింది. అలా మారిన నెలకు, ఒక పొద్దున, కింది గదిలో:

“అక్కడ కాదమ్మాయ్, ఇక్కడ. మంచం వెనక. చెయ్యి పెట్టి చూడు.”

“పెట్టాను పిన్నిగారూ.”

“ఏముంది?”

“గోడ.”

“గోడని నాకూ తెలుసు! తడిగా లేదూ?”

“తడంటే... మరీ తడని కాదు. చల్లగా ఉంది.”

“చల్లగానా? సున్నం పెచ్చులు పెచ్చులుగా మీద పడుతుంటే చల్లగా ఉందంటావేమిటి? ఇదిగో, రాత్రి నా దిండు మీద ఇంత రాలింది.”

“మంచం గోడకి ఆనించి వేసుకోకండి. కాస్త ఇవతలికి లాక్కోండి.”

“లాక్కున్నాను. ఇంకా లాగితే వీధిలో పడుకోవాలి.”

“కిటికీ తీసి పెట్టుకోండి, గాలాడుతుంది.”

“తీస్తే పక్కింటివాళ్ళ గోడ కనిపిస్తోంది. గాలెక్కణ్ణించి వస్తుంది?”

“తడిబట్టలు గదిలో ఆరేస్తున్నారేమో.”

“ఒక్క తువ్వాలు! ఒకే ఒక్క... ఏమే, ఈ మాటలన్నీ నువ్వెక్కడ నేర్చావు?”

“ఇక్కడేనండి. ఆ గుమ్మంలో నిలబడి మీరు చెబుతుంటే, ఈ మూల కూర్చుని నేర్చుకున్నాను.”

“నవ్వకు.”

“నవ్వట్లేదు.”

“నవ్వుతున్నావు. కొంగు అడ్డం పెట్టుకుంటే కనబడదనుకున్నావా? నువ్వు నవ్వితే నాకూ... ఖళ్... ఖళ్...”

“అయ్యో, ఉండండి. ముందీ నీళ్ళు తాగండి. ఇంత దగ్గేమిటి?”

“వారం నుంచీ ఇదే వరస. నిన్న డాక్టరు దగ్గరికెళితే నెమ్ము చేసిందన్నాడు.”

“గోడకా?”

“నాకు!”

“ఒకే గదిలో ఉన్నాక ఒకరిది ఒకరికి అంటుకోదూ! ఏ డాక్టరండీ?”

“మన వీధి చివరాయన. మంచివాడు. కూర్చోగానే అడిగాడు, ఈ మధ్య గదేమైనా మారారా, గోడలకి బూజు పడుతోందా, ఎండ వస్తుందా అని. మందులొక్కటే పనిచెయ్యవు, ముందా గదిలోంచి బయటపడండి అన్నాడు.”

“కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుక్కుంటాడు, ఆయనేనా?”

“ఆయనే.”

“ఇన్నేళ్ళూ మా పిల్లని ఆయాసానికి ఆయనకే చూపించాను పిన్నిగారూ. ఐసు తినిపించకు, దుమ్ములో ఆడనివ్వకు, అంతే. గది మాట ఒక్కనాడు ఎత్తలేదు.”

“నువ్వే చెప్పి ఉండవు.”

“చెబుదామని నోరు తెరిచేలోపల తరవాతివాళ్ళని పిలిచేవాడు.”

“అదేమిటి! నాతో అరగంట మాట్లాడాడే. మా మనవడి చదువు కూడా అడిగాడు.”

“మీరైతే గది మారమంటే మారగలరు. మమ్మల్ని మారమని ఏం లాభం అనుకున్నాడేమో పాపం. ఐసంటే మా చేతిలో పని కదా, మానేస్తాం.”

“ఇంతకీ అది ఐసు తినేదా?”

“ఎక్కడ! ఆయన వద్దన్నాకే ఐసనేది ఒకటుందని గుర్తొచ్చి ఏడుపు మొదలెట్టింది.”

“సరే, సరే. నా ఊపిరి సంగతి చూడు. గోడ ఇలా ఉందని ముందే చెప్పొద్దూ?”

“నేనా?”

“నువ్వు కాక! కిందికి దిగుతానంటే మిషను మోసుకుని గబగబా పైకి పరిగెత్తావు గానీ...”

“గోడకి చెమ్మెక్కుతోందని మొత్తుకున్నాను కదండీ! కుట్టిన జాకెట్లకి మచ్చలు పడుతుంటే తెచ్చి మీ చేతిలో పెట్టలేదూ?”

“పెట్టావనుకో. అద్దె తగ్గించమని అడగబోతున్నావేమోనని...”

“నిక్షేపంలాంటి గోడ అన్నారు.”

“అన్నాను, అన్నాను! చూడు, ఇల్లు నాది. ఎక్కడుండాలో నా ఇష్టం. రేపు మళ్ళీ మార్చేసుకుందాం. మోకాళ్ళు పోతే పోయాయి, ఊపిరి పోతే ఎలా?”

“సరేనండి.”

“సరే అంటావేం? కాదను. పోట్లాడు.”

“ఏమని పోట్లాడను? మా ఆయన రాగానే మిషను దింపిస్తాను.”

“అలా మొహం వేళ్ళాడేయకు. మేస్త్రీని కూడా పిలుస్తాలే, ఎప్పుడో వీలు చూసి... ఏమిటా పైన ధబధబ? కప్పు నా నెత్తిన పడేట్టుంది!”

“మా పిల్లండీ. తాడాట ఆడుతోంది.”

“ఆయాసం పిల్లకి తాడాటేమిటే! ఆపమను ముందు. పీల్చే మందు అందుబాటులో పెట్టావా?”

“అదెక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. పైకెళ్ళాక అవసరం పడలేదు.”

“ఒక్కసారి కూడానా?”

“ఒక్కసారి కూడా. రాత్రిళ్ళు నిద్రపోతోంది పిన్నిగారూ. నాకే అలవాటు తప్పక మెలకువొచ్చేస్తోంది. దగ్గు వినబడకపోతే భయమేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నాను.”

“... తాడెక్కడిది దానికి?”

“మేడమీద బట్టలారేసేది. చివర ఓ ముక్క కోశాను.”

“నా తాడా?”

“మీదే.”

“అడగా పెట్టకుండా కోసేశావూ! బాగుంది వరస. సరే, మిషను దింపించకు.”

“మరి మీరు?”

“నేనూ పైకే వస్తాను. వీధివైపు గదిలో నాకో మంచం పట్టదూ?”

“పడుతుంది. కానీ అక్కడ మిషనుంది, టకటకలాడుతుంది.”

“ఈ దగ్గు కంటే నయమే.”

“మెట్లో?”

“ఒక్కసారి ఎలాగో ఎక్కుతాను. ఎక్కి, ఇక దిగను. నువ్వు పట్టుకో, అంతే. మేస్త్రీకి ఇప్పుడే ఫోను చెయ్యి. ఎప్పుడో కాదు, ఈరోజే రమ్మను.”

“గోడ బాగయ్యేదాకా మాతో ఉంటారన్నమాట.”

“బాగయి, పూర్తిగా ఆరేదాకా.”

“ఆరిందో లేదో ఎవరు చూసి చెప్పాలి?”

“నువ్వే చెప్పు. నన్ను మాత్రం అడగకు. పైన హాయిగా పడుకుని నిద్రలేచానంటే, కింద గోడ తడిగా ఉందని ఎవరు చెప్పినా నాకు చచ్చినా నమ్మబుద్ధి కాదు.”