వెయ్యి తక్కువ బేరం

వాకాడు ధాన్యం వ్యాపారి తన రెండు సీట్ల రేసు కారును తుడుస్తున్నాడు. ఏడో నెల గర్భంతో ఉన్న భార్య అరుగు మీద కూర్చుంది.

"మద్రాసు కంపెనీవాళ్లు దీన్ని తీసుకుని, పైన కొంత కట్టించుకుని నాలుగు సీట్ల కారు ఇస్తామన్నారంటిరే?"

"అన్నారు. నేను నెల్లూరు డాక్టరమ్మకు అమ్మేసినాను."

"ఎక్కువిచ్చిందా?"

"వెయ్యి తక్కువ."

"మీరేనా! గింజ తగ్గితే తక్కెడ దించని మనిషి!"

"పోయినసారి నేను పోయి ఆమెను తెచ్చేలోపల బిడ్డ దక్కలేదు. పోనూ రానూ రెండు దారులు. ఈసారి తంతి కొడితే ఆమే ఈ కారులో వస్తుంది. ఒక దారే."

"ఒప్పుకుందా?"

"ఆ మాట తీసుకునే వెయ్యి తగ్గించినాను."

ఆమె మెల్లగా లేచొచ్చి, కొంగుతో కారు అద్దం తుడిచింది.

"ఇక్కడ మరక వదిలేసినారు. డాక్టరమ్మకు దారి బాగా కనపడాల."