గుడ్డ కింద తొండపిల్ల

"ఎండమ్మా ఎండమ్మా, మా గడపలోకి రా,
తడి జుట్టు ఆరబోస్తా..."

ఆ తర్వాత ఎండకి ఏమిస్తామనేవాళ్ళమో గుర్తు రావడం లేదు. అన్నం ముద్దో, అరటిపండో. బాండుంగ్ కొండల్లో పొద్దున్నే చలి. చిన్నప్పుడు ఎండని అలాగే బతిమాలుకునేవాళ్ళం.

నేను పెంచుకుంటున్న, గొంతు కింద గడ్డంలా ముళ్ళుండే తొండపిల్లకి మూడు నెలలు. గరుత్‌లో చెల్లెలింటికి వెళ్తూ దాన్ని ఎనిమిది రోజులు మా వీధి దుదుంగ్‌కి అప్పజెప్పాను. పాడే పిట్టల్ని పెంచి, పందేల్లో పేరు తెచ్చుకున్నవాడు. దానికి వేడినిచ్చే దీపం ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఆర్పాలో కాగితం మీద రాసిచ్చాను. ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నాక నా చేత్తో నేను రాసిన మొదటి పెద్ద కాగితం అదే.

తిరిగొచ్చేసరికి దుదుంగ్, నినింగ్ నడిపే కాఫీ బంకులో ఉన్నాడు. పక్కన బల్ల మీద గాజుపెట్టె, దాని మీద పిట్టల పంజరానికి కప్పే నల్లగుడ్డ. ఎలా ఉందని అడిగాను. ముందు కాఫీ తాగమన్నాడు. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

"నీ కాగితం బానే ఉందవ్వా, కానీ చిన్న లెక్క. ఒక మూల వేడి, రెండో మూల చల్లన, అంతేగా? నేను దీపం కింద రాయి పెట్టా. రెండో రోజుకే దాని మీద గుడ్డు అట్టు వేసుకోవచ్చు."

నాకెవరూ చెప్పలేదే, అంది నినింగ్.

"నువ్వు నిద్రలో ఉన్నావక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకలి. రోజుకి ఎనభై కీచురాళ్ళు, అదీ కాల్షియం పొడి అద్ది మరీ. పొడి అద్దీ అద్దీ నా వేళ్ళు తెల్లబడిపోయాయి. తినీ తినీ ఆ వేడంతా ఒంట్లో దాచుకుంది. శుక్రవారం కరెంటు పోయిందా, వీధి వీధంతా మా ఇంటికొచ్చి దాని చుట్టూ తడిబట్టలు ఆరేసుకున్నారు. మర్నాడు కరెంటాఫీసు పెద్దమనిషి చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, దీని తోకకి ఓ తీగ కట్టుకుంటాం, కొండకింద ఊళ్ళన్నిటికీ సరిపోతుంది అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. పరాయి సొత్తు కదా."

గుడ్డ తియ్యమన్నాను. తిన్నది అరుగుతోంది, వెలుతురు తగలకూడదు అన్నాడు. మళ్ళీ అడిగాను. నాకు ఇంకో కాఫీ చెప్పాడు.

అంతలో గుడ్డ కింద నుంచి కీచుకీచుమని చప్పుడు. ఒకటి కాదు, గుంపు గుంపు.

నినింగ్ గ్లాసు తుడుస్తూ నెమ్మదిగా అడిగింది. "అన్నీ తినేసిందన్నావు. మరి పాడుతున్నదెవరు?"

గుడ్డ నేనే లాగేశాను. దీపం వెలగడం లేదు. రాయి చల్లగా ఉంది. కీచురాళ్ళు తొండపిల్ల వీపు మీదే తిరుగుతున్నాయి. అది బొగ్గులా నల్లబడి కళ్ళు మూసుకుంది. వేలు ఆనిస్తే పొట్ట ఒక్కసారి కదిలింది, చాలాసేపటికి ఇంకోసారి. శాలువాలో చుట్టుకుని, ఈ మోకాళ్ళతోనే ఎండ పడే గోడ దగ్గరికి పరుగెత్తాను.

దుదుంగ్ వెనకాలే వచ్చాడు.  గోడ పక్కన చతికిలబడి అన్నాడు:

"ఈకలు రాల్చే పిట్టని చీకట్లో ఉంచితేనే బలం పుంజుకుంటుందవ్వా. దీనికీ అంతేననుకున్నా. మూడో రోజు తినడం మానేసింది. నీకెలా చెప్పాలో తెలీలేదు. కాస్త పక్కకి జరుగవ్వా, నీ నీడ దాని మీద పడుతోంది."