చాందాకు పిలుపు

లాజ్ జాతివాళ్ళు ఉండే ఫిందిక్లీ కొండ మీద, పైవాడలో, షాజియే ముసలమ్మ ఇంటి ముందు వాన. ఆమె అరుగు మీద కూర్చుని కాబేజీ ఆకులు తరుగుతోంది. దిగువ బజారు బట్టల వ్యాపారి నూరెత్తిన్ గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆదివారం అతని కూతురి పెళ్ళి.

"కార్డు పంపానుగా అత్తా."

"మినీబస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు. పొయ్యి బాగా అంటుకుంది."

"బంగారు అంచు కార్డు అది! పైవాడకు నలభై పంపాను. ఒక్కరూ వస్తామనలేదు. నువ్వు కదిలితే గాని వాళ్ళు కదలరు."

"చాందా అంటే ఏమిట్రా నూరెత్తిన్?"

"పెళ్ళి. అది తెలియని లాజ్ ఎవడు?"

"మా అమ్మ నోట అది ముందు పిలుపు. పెళ్ళి అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. గడప దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిస్తే చాందా. కాగితం పిలుస్తుందా?"

"రోజులు మారాయి. హాలు మాట్లాడాను, మూడు వందల కుర్చీలు. హోపా నుంచి మగపెళ్ళివారు రెండు బస్సుల్లో దిగుతారు. సగం కుర్చీలు ఖాళీగా ఉంటే నా పరువేం కావాలి?"

"నా తేయాకు తోట గట్టు రెండడుగులు జరిపిననాడు ఆ పరువు ఎక్కడుంది?"

"ఏడేళ్ళ కిందటి మాట. గట్టు వేరు, పెళ్ళి వేరు."

"వేరే అయితే, ఇంత వానలో కొండెక్కి వచ్చినవాడివి, ఆ ఒక్క మాట ఇంకా అనవేం?"

"భోజనం మంచిది అత్తా. వేటమాంసం, బొరెక్..."

"వంటల జాబితా చదువుతున్నావు. పిలవడం లేదు."

"పిలిస్తే గట్టు విషయంలో నేను తగ్గినట్టు. ఊరంతా అదే అంటుంది."

"అదీ మాట. నీ కూతురికి ఈ బేరాలు రావు. సోమవారం సెవిల్ వచ్చి, నలభై గడపలూ తిరిగి పిలిచి వెళ్ళింది."

"సెవిలా? నాతో అనలేదే. పోన్లే, అయితే అందరూ హాలుకు వస్తున్నట్టేగా."

"హాలెందుకు? పెళ్ళి మా కళ్ళంలో. తిత్తి వాయించేవాడూ ఇక్కడికే వస్తున్నాడు. హోపా వాళ్ళకూ తనే కబురంపింది."

"నా కూతురి పెళ్ళి, నాకు తెలియకుండానా?"

"నీకు చెప్పే పని నా మీద పెట్టింది. నేనే నీ గడపకు దిగి రావాలి, నువ్వే ఎదురొచ్చావు. నూరెత్తిన్, ఆదివారం చాందా. ఇంటిల్లిపాదీ తప్పకుండా రావాలి."